నార్వేలో మాట ఇస్తే

ఇంగ్లిషులో ఫ్రీడమ్, లిబర్టీ అని రెండు మాటలున్నాయి. నార్వే భాషలోకి తెచ్చేటప్పుడు రెండింటికీ దొరికేది ‘ఫ్రీహేత్’ ఒక్కటే. అదీ బూక్మోల్ అనే రాతభాషలో. రెండో రాతభాష నీనొర్స్క్‌లో ‘ఫ్రీడొమ్’ అనాలి. ఇవార్ ఓసెన్ అనే ఆయన ఊరూరా తిరిగి మాండలికాలు పోగుచేసి ఈ నీనొర్స్క్‌కి పునాది వేశాడు. 1885లో పార్లమెంటు రెండు రాతభాషలకీ సమాన హోదా ఇచ్చింది.

ప్రామిస్ సంగతి ఇంకా తమాషా. ‘లోవె’ అంటే మాట ఇవ్వడం. ‘లోవ్’ అంటే చట్టం, అనుమతి కూడా. పెళ్లి కుదిరినవాళ్లు ‘ఫొర్లోవెత్’. వాగ్దానం ‘ల్యొఫ్తె’, అదే క్రియ అయితే పైకెత్తడం! వెనకాముందూ లేకుండా ‘ప్రామిసెస్’ అన్న ఒంటిమాట ఇచ్చి అనువదించమంటే, పాపం, అనువాదకుడేం చేస్తాడు? ‘మాట ఇస్తాడు’ అనుకుని ‘లోవెర్’ అని రాస్తే, చదివేవాడికి అది ‘చట్టాలు’ అనీ తోచవచ్చు. వాగ్దానాలే కావాలంటే ‘ల్యొఫ్తెర్’ అని రాయాలి.