మాటలు వచ్చినా మాట్లాడలేని పిల్లలు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల మాట గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యవర్గంవారు కోరినారు. 'మా వాడికి ఇంకా మాట రాలేదు' అనటం మన ఇళ్ళలో తరచు వింటూనే ఉంటాము. అయితే మాట రావటం ఒక్క విషయం కాదు. శబ్దం పలకటం ఒకటి, పదాలు తెలియటం ఒకటి. ఆ పదాలను వ్యాకరణం ప్రకారం కూర్చటం మరొకటి. ఏ మాట ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అనాలో తెలియటం ఇంకొకటి. ఈ చివరి రెండింటిని గురించే మేము మనవి చేయదలచాము. బిడ్డకు వీటిలో ఏది కొరవడిందో చూడకుండా మొండివాడనో, మొద్దు అనో ముద్ర వేస్తే ఆ బిడ్డకు అన్యాయం చేసినవాళ్ళమవుతాము.

మనకు తెలిసిన ఉదాహరణే తీసుకుందాము. ఒకరు 'అస్సలాము అలైకుమ్' అంటే 'వ అలైకుమ్ అస్సలామ్' అని బదులివ్వాలి. చాలామంది పిల్లలు పెద్దలను చూసి దీన్ని ఇట్టే పట్టుకుంటారు. ఆటిజం ఉన్న కొందరు పిల్లలు మాత్రం విన్న సలామునే విన్నట్టు అప్పజెబుతారు. అది పొగరు కాదు, పెంపకంలో లోపమూ కాదు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెళ్ళేసరికి మాట రూపం మారుతుందన్న సంగతి వారికి సులభంగా అందదు.

అమెరికాలో బాల్టిమోరు నగరపు వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. వారిలో 8 మందికి మాటలు వచ్చును. కాని తమను 'నువ్వు' అని, ఎదుటివారిని 'నేను' అని అనేవారు. 'అవును' అనటానికి బదులు అడిగిన ప్రశ్ననే తిరిగి అనేవారు. ఒక బాలుడికి తండ్రి, 'అవును అను, భుజాల మీద ఎక్కించుకుంటాను' అని చెప్పి ఆ మాట నేర్పాడు. పిల్లవాడికి 'అవును' అంటే 'భుజాల మీద ఎక్కించుకో' అన్న అర్థమే స్థిరపడిపోయింది. ఆ మాట ఆ భుజాలను వదలటానికి చాలా నెలలు పట్టింది.

తెలుగులోనూ ఇది ఎలా ఉంటుందో చూడండి. తల్లి 'నీళ్ళు కావాలా?' అని అడుగుతుంది. దాహమైనప్పుడు బిడ్డ కూడా 'నీళ్ళు కావాలా' అంటాడు. మన భాషలో తింటాను, తింటావు, తింటాడు అని మనిషి క్రియ చివరనే ఉంటాడు గదా! అందుచేత ఆకలైన బిడ్డ 'అన్నం తింటావా' అంటే, 'నేను', 'నువ్వు' అనకపోయినా ఆ తారుమారు వినబడుతుంది. వెనుక దీన్ని చిలకపలుకు అని మాన్పించజూసేవారు. ఇందులో చాలా భాగం అడగటానికి, ఒప్పుకోవటానికి పనికివస్తుందని 1980ల నుంచి పరిశీలకులు గుర్తిస్తూ వచ్చారు. కాబట్టి గద్దించవద్దు. 'నీళ్ళు కావాలి' అని బిడ్డ తరఫున మనమే అని, నీళ్ళివ్వాలి.

కొందరికి వ్యాకరణంలో తప్పే ఉండదు. ఫోనులో ఎవరో 'నాన్నగారు ఉన్నారా?' అంటారు. 'ఉన్నారు' అని పెట్టేస్తాడు. జవాబు సరైనదే. పిలవమని అడుగుతున్నారన్నది మాత్రం అందలేదు.

ఇక రెండో రకం పిల్లలు. వీరు కళ్ళలోకి చూస్తారు, ఆటలో కలుస్తారు, ఏదో చెప్పాలని తపన పడతారు. వాక్యం మాత్రం కుదరదు. 'నిన్న వెళ్తాను' అనవచ్చు, 'అన్నకు', 'అన్నతో' కలగాపులగం కావచ్చు. 'బట్టలు మార్చుకుని, చెల్లికి పాలిచ్చి, పుస్తకం తియ్యి' అంటే ఒక్క పని చేసి నిలబడిపోతారు. బడిలో వీరినే 'వినడు' అని దండిస్తారు. దీనికి డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అన్న పేరును 2017లో నిపుణులు సిఫారసు చేశారు. పాశ్చాత్య దేశాల లెక్కలలో ఇది నూటికి సుమారు ఏడుగురు పిల్లలలో కనిపించింది. వీరికి చిన్న వాక్యాలు, ఒక్కొక్కటిగా, నిదానంగా చెప్పాలి.

తల్లులకు ఒక మాట. తల్లి ప్రేమ చాలకనే ఆటిజం వస్తుందని ఒకప్పుడు పేరున్న వైద్యులే అన్నారు. బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో దాన్ని ఖండించాడు. 1977లో కవల పిల్లల మీద జరిగిన పరిశీలన వంశానుగత కారణాలను చూపింది. కనుక అత్తగార్లు కోడళ్ళను నిందించటం మానాలని మా విన్నపము.

మన ఇళ్ళలో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండు భాషల వల్లే మాట ఆగిందని, ఒకటి మానేయమని సలహా ఇచ్చేవారున్నారు. రెండు భాషల ఇళ్ళలో పెరిగిన ఇట్టి పిల్లలు ఆ కారణాన వెనుకబడినట్టు పరిశోధనలలో కనబడలేదు. పైగా దాదీ భాష తీసేస్తే బిడ్డతో మాట్లాడే మనిషి ఒకరు తగ్గిపోతారు.

ఏడాదికి పిలిస్తే తిరిగి చూడకపోయినా, వేలితో చూపించకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా 'మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారులే' అని ఊరుకోవద్దు. ముందు వినికిడి పరీక్ష, తరువాత స్పీచ్ థెరపిస్టు సలహా. మైసూరులో 1965 నుంచి వాక్కు, వినికిడికి అఖిల భారత సంస్థ ఉన్నది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో బుద్ధివికాస లోపాల కోసం ఏర్పడిన జాతీయ సంస్థ ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది. ధ్రువపత్రం తీసుకోవటం నామోషీ కాదు, అది బిడ్డ హక్కు.

వచ్చే శుభకార్యానికి ఇట్టి బిడ్డలను ఇంట దాచకుండా తీసుకురండి. సలాముకు సలామే తిరిగి చెబితే నవ్వకండి. బదులు మనమే నిదానంగా అని వినిపిద్దాము.