లెక్క చెప్పిన ఖలీఫా
(కడపలో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)





హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) పేరెత్తగానే మనకు దీపం కథ గుర్తుకు వస్తుంది. సొంత విషయాల ప్రస్తావన రాగానే ఖజానా సొమ్ముతో వెలిగే దీపాన్ని ఆయన ఆర్పివేసిన ఉదంతాన్ని ఎన్ని ప్రసంగాల్లో వినలేదు! విని, ఇంటికి వెళ్ళి, మన మస్జిదు ఆదాయవ్యయాలు ఎవరు చూస్తున్నారో అడగకుండానే భోజనానికి కూర్చుంటున్నాం. అందుచేత ఈ రోజు ఆ దీపం జోలికి పోను. అంతకన్నా కష్టమైన పనులు ఆయన చేశారు.

ఆయన ఉమయ్యా రాజవంశీకుడు. తల్లి వైపున రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సంతతి. యౌవనంలోనే మదీనా గవర్నరు పదవి దక్కింది. ఆ రోజుల్లో అత్తరు పరిమళాన్ని బట్టి ఆయన నడిచిన వీధిని గుర్తుపట్టేవారని చెబుతారు. అటువంటి మనిషికి క్రీ.శ. 717లో, హిజ్రీ 99లో, సులైమాన్ వీలునామా ద్వారా ఖిలాఫతు భారం వచ్చి పడింది.

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప వరకు వచ్చే కె.సి. కాలువ సంగతి ఈ సభలో తెలియనివారెవరు? పైనున్న తూముల దగ్గర పలుకుబడి గలవారు నీరు మళ్ళించుకుంటే చివరి ఆయకట్టు రైతు వాడిన పైరును చూస్తూ గట్టున కూర్చోవలసిందే. బైతుల్‌మాల్ కూడా అటువంటి కాలువే. అప్పటికి దాని తొలి తూము దగ్గర ఖలీఫా బంధువులే కూర్చొని ఉన్నారు.

ఆయన సంస్కరణను ఎక్కడ మొదలుపెట్టారు? పేదవాని గుడిసె దగ్గర కాదు, తన ఇంటి పెట్టె దగ్గర. తనకు సంక్రమించిన జాగీర్ల పత్రాలను సహచరుడు ముజాహిమ్ ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తుండగా వాటిని కత్తెరతో కత్తిరించివేశారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఆ తరువాతే బంధువుల ఆస్తుల వైపు చూశారు. వారు కోపగించుకున్నారు, రాయబారాలు నడిపారు. ఆయన చలించలేదు.

పన్నుల విషయం చూడండి. ఇస్లాం స్వీకరించినవారి నుంచి కూడా అధికారులు జిజియా వసూలు చేస్తూ ఉండేవారు. దానిని ఆయన మాన్పించారు. పన్ను తప్పించుకోవడానికే జనం మతం మారుతున్నారని, సున్తీ అయిందో లేదో పరీక్షించాలని ఖురాసాన్ గవర్నరు జర్రాహ్‌కు సలహాలు అందాయి. ఖలీఫా అందుకు ఒప్పుకోలేదు. ప్రవక్త (స) వచ్చింది మార్గం చూపడానికే తప్ప సున్తీల లెక్క తీయడానికి కాదన్నది ఆయన సమాధానం సారాంశం. ఖజానాకు నష్టం వస్తుందని తెలిసే ఆ మాట అన్నారు.

మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే మనకు మరింత ముఖ్యమైన ఉదంతం డమాస్కస్‌లో జరిగింది. వలీద్ కాలంలో అక్కడి సెయింట్ జాన్ చర్చిని మస్జిదులో కలుపుకున్నారు. ఉమర్ హయాంలో క్రైస్తవులు ఫిర్యాదు చేశారు. తన సొంత మస్జిదుపై వచ్చిన ఆ ఫిర్యాదును ఆయన తోసిపుచ్చలేదు, స్థలాన్ని తిరిగి ఇవ్వడానికే మొగ్గారు. చివరకు గూతా ప్రాంతపు చర్చీలను అప్పగించే ఒప్పందానికి ఇరుపక్షాలూ అంగీకరించాయని బలాజురీ రాశారు. ముస్లిమేతరుల వేషధారణపై ఆంక్షలను కూడా కొన్ని గ్రంథాలు ఆయనకే ఆపాదిస్తాయి. మనకు నచ్చిన సగం మాత్రమే చెప్పడం న్యాయం కాదు గనుక ఇదీ చెబుతున్నాను.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. ఆయన పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. అది మనకు గర్వకారణమే. కాని తాతల నాటి బాడుగకే నేటికీ నడుస్తున్న వక్ఫ్ దుకాణాల మాటేమిటి? ముతవల్లీ ఏటా లెక్కలు సమర్పించాలని 1995 నాటి వక్ఫ్ చట్టమే చెబుతున్నది. నేను నమాజు చేసే ఒక మస్జిదులో ఆ లెక్కలు చూపమని అడిగినందుకు, “నీకెందుకయ్యా, అల్లాహ్ చూస్తున్నాడు కదా” అని ఒక పెద్దాయన మందలించారు. అల్లాహ్ చూస్తున్నాడన్న భయంతోనే ఆ ఖలీఫా పత్రాలు కత్తిరించారు. ఆ మాటనే మనవారు పుస్తకం దాచడానికి వాడుతున్నారు! ప్రభుత్వం మన వక్ఫ్ భూములను కాపాడలేదని ధర్నా చేయవలసిందే. నేనూ వస్తాను. కాని ఆక్రమించినవాడు మనవాడే అయితే ధర్నా ఎవరి గుమ్మం ముందు చేయాలో కూడా ఇక్కడే తేల్చుకుందాం.

ఆయన పాలించింది సుమారు రెండున్నరేళ్ళే. 720లో, నలభై ఏళ్ళు నిండకుండానే మరణించారు. తరువాత వచ్చిన యజీద్ వాటిలో అనేక సంస్కరణలను తిరగదోడాడు. ఉమర్ భార్య ఫాతిమా ఖలీఫా అబ్దుల్ మలిక్ కుమార్తె. తండ్రి ఇచ్చిన నగలను భర్త కోరిక మేరకు ఆమె బైతుల్‌మాల్‌కు ఇచ్చివేసింది. ఆయన పోయాక, సోదరుడైన యజీద్ ఆ నగలను తిరిగి ఇస్తానన్నాడు. భర్త బతికి ఉండగా వదులుకున్నదాన్ని ఆయన పోయాక తీసుకోనని ఆమె నిరాకరించింది.

ఈ సభకు వసూలైన చందా, అయిన ఖర్చు రెండూ గుమ్మం పక్కన అంటించి ఉన్నాయి. వెళ్ళేటప్పుడు చదవండి. తప్పుంటే ఇప్పుడే అడగండి.