ఇంటిదొంగను పట్టే లెక్క



ఈ రోజు పాఠాన్ని ఒక సినిమాతో ప్రారంభిద్దాం. విజ్ఞానశాస్త్రం చెప్పే మాస్టారికి సినిమాతో పనేమిటని మీరు అనుకోవచ్చు. పని ఉంది, చెబుతాను.

2002లో హాంకాంగ్‌లో 'ఇన్‌ఫెర్నల్ అఫైర్స్' అనే నేరకథా చిత్రం వచ్చింది. ఆండ్రూ లావ్, అలన్ మాక్ దాని దర్శకులు. అదే కథను 2006లో మార్టిన్ స్కోర్సెసీ 'ది డిపార్టెడ్' అనే పేరుతో అమెరికాలో తీశారు. కథ క్లుప్తంగా ఇది. పోలీసు శాఖ తన మనిషినొకణ్ణి రహస్యంగా దొంగల ముఠాలోకి పంపుతుంది. ముఠా నాయకుడు తన మనిషినొకణ్ణి పోలీసు శాఖలో చేర్పిస్తాడు. కొన్నేళ్లకు ఇద్దరూ తమ తమ చోట్ల నమ్మకస్తులవుతారు. చివరికి తమలో ఒక వేగు ఉన్నాడని రెండు పక్షాలకూ తెలుస్తుంది. పోలీసు శాఖలో ఆ వేగును పట్టుకునే పని ఎవరికి అప్పగించారనుకున్నారు? స్వయంగా ఆ వేగుకే!

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నారు మన పెద్దలు. ఈశ్వరుడికే సాధ్యం కాని పనికి మనుషులు పూనుకుంటే ఏమవుతుంది? ఇది సినిమా ప్రశ్న మాత్రమే కాదు, గణితశాస్త్ర ప్రశ్న కూడా. దానికి సమాధానం వెతకడానికి మనం అండమాన్ దీవులకు వెళదాం. విశాఖపట్నం నుంచి ఓడ ఎక్కి తెలుగువారు ఎందరో వచ్చి స్థిరపడిన దీవులివి. నేను పాఠాలు చెప్పిందీ ఇక్కడే. ఇక్కడి ముఖ్యపట్టణం పోర్టు బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఈ పాఠంలో జరిగిన సంఘటనలు పాత పేరున్న నాటివి కనుక పాత పేరే వాడతాను.

మొదటి సంఘటన 1858 నాటిది. ఆ ఏడాది మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ అనే అధికారి ఆధ్వర్యంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల స్థావరాన్ని ఏర్పాటు చేసింది. ఖైదీలలో చాలామంది 1857 తిరుగుబాటులో పాల్గొన్నవారు. వారిలో దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి ఒకడు. ఏప్రిల్‌లో రాస్ దీవి నుంచి కొందరు ఖైదీలతో కలిసి తప్పించుకున్నాడు. అడవిలో అండమానీ తెగవారు వారిపై బాణాలు వేశారు. తోటివారు చనిపోయారు. గాయపడిన తివారీని మాత్రం తెగవారు తమలో చేర్చుకున్నారు. అతడు వారి భాష నేర్చుకున్నాడు, వారిలో పెళ్లాడాడు, ఏడాదికి పైగా వారిలో ఒకడిగా బతికాడు.

1859 మే నెలలో అండమానీలు బ్రిటిష్ స్థావరంపై దాడికి సిద్ధమయ్యారు. తమ అడవులను నరికి, తమ తీరాలను ఆక్రమించినవారిపై వారు తలపెట్టిన యుద్ధమది. ఆ సంగతి తివారీకి తెలుసు. దాడికి ముందే అతడు స్థావరానికి పారిపోయి వచ్చి వాకర్‌కు హెచ్చరిక అందించాడు. ఓడ ఫిరంగులూ తుపాకులూ సిద్ధంగా ఉన్నాయి. విల్లంబులతో వచ్చినవారు ఓడిపోయారు. దీనినే అబర్డీన్ యుద్ధం అంటారు. తివారీకి 1860లో క్షమాభిక్ష దొరికింది. ఆనాడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు ఈనాడు కొన్ని పదుల మందే మిగిలారు. యుద్ధం కన్నా 1877 నాటి తట్టు వంటి అంటువ్యాధులే వారిని ఎక్కువగా బలిగొన్నాయి.

తివారీని ఎవరూ వేగుగా పంపలేదు. ప్రాణభయంతో వెళ్లినవాడు వేగుగా తిరిగివచ్చాడు. అతడు చేసింది న్యాయమా, ద్రోహమా అన్నది మీరు చర్చించుకోండి. శాస్త్ర విద్యార్థులుగా మనం గమనించవలసింది మరొకటుంది. పారిపోయిన ఖైదీ మాటను వాకర్ ఎందుకు నమ్మాలి? నమ్మనక్కరలేదు! "ఫలానా చోట దాడి జరగబోతోంది" అన్నది పరీక్షించదగిన మాట. కాపలా పెట్టి చూస్తే నిజమో అబద్ధమో తేలిపోతుంది. చెప్పినవాడి శీలంతో పని లేదు. దీన్ని గుర్తుపెట్టుకుని రెండో సంఘటనకు వద్దాం.

1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్టు బ్లెయిర్‌లో దిగింది. బ్రిటిష్ పాలన పోయింది. మరుసటి సంవత్సరం జనవరిలో ఒక డచ్చి జలాంతర్గామి రహస్యంగా అండమాన్ తీరానికి చేరింది. అందులోంచి దిగినవాడు మేజర్ డెనిస్ మెకార్తీ. యుద్ధానికి పూర్వం అతడు ఇక్కడే పోలీసు అధికారి. అడవులూ దారులూ మనుషులూ తెలిసినవాడు. అతని బృందం అడవిలో దాగి జపాన్ సైన్యం సమాచారం సేకరించి, తిరిగి జలాంతర్గామిలో వెళ్లిపోయింది. అంటే జపాన్‌వారి అనుమానం పూర్తిగా ఊహ కాదు. వేగులు నిజంగానే ఉన్నారు.

కానీ పట్టుబడినవారు ఎవరు? ఊళ్లోని గుమాస్తాలు, వైద్యులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు. దివాన్ సింగ్ అనే డాక్టరుగారు ఇక్కడ భారత స్వాతంత్ర్య సంఘానికి నాయకుడు, పంజాబీ కవి. బ్రిటిష్‌వారిని వ్యతిరేకించిన ఆ మనిషినే బ్రిటిష్‌వారి వేగు అని 1943 అక్టోబరులో అరెస్టు చేశారు. సెల్యులర్ జైలులో 82 రోజులు చిత్రహింసలు పెట్టారు. డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్టు బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేసినప్పుడు ఆయన అదే ఊళ్లో జైలు గదిలో ఉన్నారు. నేతాజీకి ఆ సంగతి తెలియనివ్వలేదు. 1944 జనవరి 14న దివాన్ సింగ్ కన్నుమూశారు. జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని వేగులనే ఆరోపణపై కాల్చి చంపారు. వారిలో ఎక్కువమంది ఆ స్వాతంత్ర్య సంఘం సభ్యులే. అక్కడ ఇప్పుడొక స్మారకం ఉంది.

ఇంత ఘోరం ఎలా జరిగింది? క్రూరత్వం అని ఒక్క మాటలో చెప్పవచ్చు. అది నిజమే. అయితే క్రూరత్వం వెనుక ఒక తప్పు లెక్క కూడా ఉంది. కాగితం, కలం తీసుకోండి.

ఒక ఊళ్లో 10,000 మంది ఉన్నారనుకుందాం. వారిలో 10 మంది వేగులు. ఈ అంకెలు కేవలం ఉదాహరణకే. వేగులను గుర్తించే పద్ధతి ఒకటి మన దగ్గర ఉంది. అది నిజమైన వేగులను నూటికి 90 పాళ్లు పట్టుకుంటుంది. నిర్దోషులలో నూటికి అయిదుగురిని మాత్రమే పొరపాటున వేగు అంటుంది. చూడ్డానికి మంచి పద్ధతే కదా? లెక్క చూడండి. పదిమంది వేగులలో 9 మంది దొరుకుతారు. మిగిలిన 9,990 మంది నిర్దోషులలో నూటికి అయిదుగురు అంటే సుమారు 500 మంది దొరుకుతారు. మొత్తం 509 మందిలో అసలు వేగులు తొమ్మిదిమందే! పట్టుబడిన ప్రతి వందమందిలో 98 మంది ఏ పాపమూ ఎరుగనివారు. వెతికే వస్తువు అరుదైనదైనప్పుడు చిన్న పొరపాటు కూడా కొండంత అవుతుంది. అరుదైన జబ్బులకు చేసే రక్తపరీక్షలలో డాక్టర్లు రెండోసారి పరీక్ష చేయించమనేది ఇందుకే. సంభావ్యతా శాస్త్రంలో దీనిని బేయీస్ సిద్ధాంతం ద్వారా లెక్కిస్తారు.

మరి మార్గం లేదా? ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం దాన్ని ఏనాడో చెప్పింది. వేగులు ఒకరినొకరు ఎరగకూడదు. ముగ్గురు విడివిడిగా తెచ్చిన కబురు ఒక్కటైతేనే రాజు నమ్మాలి. మన ఉదాహరణకు దీన్ని వర్తింపజేద్దాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పరీక్షలలోనూ దొరికినవారినే వేగులందాం. ఒక నిర్దోషి మూడింటిలోనూ చిక్కే అవకాశం 20లో ఒకటి, మళ్లీ 20లో ఒకటి, మళ్లీ 20లో ఒకటి. అంటే 8,000లో ఒకటి. 9,990 మందిలో ఒక్కరో ఇద్దరో చిక్కుతారు. వేగులు సుమారు ఏడుగురు దొరుకుతారు. ఎంత తేడా!

కానీ ఇక్కడ ప్రాణం 'సంబంధం లేని' అన్న మాటలో ఉంది. చిత్రహింస ఆ ప్రాణాన్నే తీసేస్తుంది. దెబ్బలు తాళలేక ఒకడు ఇంకొకడి పేరు చెబుతాడు. ఆ ఇంకొకడు మరో ఇద్దరి పేర్లు చెబుతాడు. కొట్టేవాడికి ఏ పేరు కావాలో అదే అందరి నోటా వస్తుంది. ముప్పైమంది ఒకే మాట చెప్పినట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఒక్క మాటే. తివారీ హెచ్చరికలా దాన్ని పరీక్షించే వీలూ లేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్రయోగశాలలో తూనికరాళ్ల పెట్టె కనబడలేదు. పిల్లలను అడిగాను. ముగ్గురు పిల్లలు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడి పేరు చెప్పారు. వాణ్ణి గంటసేపు నిలబెట్టి నిలదీశాను. ఏడుస్తూ ఒప్పుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత పెట్టె బీరువా పై అరలో, పాత రికార్డు పుస్తకాల వెనుక దొరికింది. అక్కడ పెట్టింది నేనే. "ఎందుకు ఒప్పుకున్నావురా?" అని అడిగితే, "ఒప్పుకుంటే ఇంటికి పంపిస్తారని, సార్" అన్నాడు. ఆ ముగ్గురు పిల్లలూ మధ్యాహ్నం అన్నం తింటూ మాట్లాడుకుని ఒకే మాట మీదికి వచ్చారని తర్వాత తెలిసింది. తరగతి మొత్తం ముందు వాడికి క్షమాపణ చెప్పాను. సంభావ్యత పాఠం అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పాను గాని, నాకది అర్థమయింది ఆ రోజే.

మన చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించింది. పోలీసు అధికారి ముందు నిందితుడు ఒప్పుకున్నంత మాత్రాన దానిని అతనిపై రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా అదే నియమాన్ని నిలిపింది. ఎవరినీ తమకు తామే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 20వ అధికరణం చెబుతోంది. దొంగలను కాపాడడానికి కాదు ఇవి, ఆ 500 మందిని కాపాడడానికి.

సినిమాలో అయితే వేగు ఎవరో ప్రేక్షకుడికి మొదటినుంచీ తెలుసు. అందుకే ఎవరిని అనుమానించాలో మనకు సులువుగా తోస్తుంది. జీవితంలో మనం ప్రేక్షకులం కాము. "వీడే అయి ఉంటాడు" అని మనసుకు తోచినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను వెతుకుతున్నది ఎంత అరుదైనది? నాకు చెప్పినవారు విడివిడిగా తెలుసుకున్నారా, ఒకరి మాట ఒకరు విన్నారా? ఈ మాటను పరీక్షించే మార్గముందా?

ఇంటికి వెళ్లాక ఒక లెక్క చేయండి. పై ఉదాహరణలో పొరపాటు నూటికి అయిదు కాక నూటికి ఒకటే అయితే, పట్టుబడినవారిలో నిర్దోషులు నూటికి ఎందరు? జవాబు వచ్చాక, ఆ పద్ధతిని నమ్మి ఒక మనిషిని శిక్షించవచ్చునా అని మీ స్నేహితులతో చర్చించండి.