బెదిరే అశ్వం, చెదరే మనస్సు



స్వామివారి వాహనసేవకు ముందు నడిచే అశ్వంలో మీరు అలంకారాన్ని దర్శిస్తారు. దానికి శిక్షణనిచ్చే నేను దాని చెవులను, శ్వాసను గమనిస్తాను. గుర్రం స్వభావసిద్ధంగా భయశీలి. అపాయాన్ని శంకిస్తే దానికి పరుగే రక్షణ. రెపరెపలాడే గొడుగు, డోలు మ్రోత దానికి శత్రువులుగా తోస్తాయి. జనసమ్మర్దంలో అది బెదిరితే ప్రాణాలకే ముప్పు.

కొరడా ఆ భయాన్ని పోగొట్టదు. కొడితే, ఆ నొప్పికి కూడా ఎదుటి వస్తువే కారణమని గుర్రం తలుస్తుందని సుమారు 2,400 సంవత్సరాల క్రితమే గ్రీకు రచయిత జెనొఫోన్ తన అశ్వశిక్షణ గ్రంథంలో హెచ్చరించాడు.

కనుక నేను ముడిచిన గొడుగును దూరాన ఉంచి ఆరంభిస్తాను. గుర్రం తల దించి, దీర్ఘశ్వాస విడిచిన క్షణంలోనే దానిని వెనుకకు తీస్తాను. తాను శాంతిస్తే భయకారణం తొలగుతుందని అది గ్రహిస్తుంది. దినదినమూ ఒక్కొక్క అడుగు దగ్గరకు. పిదప గొడుగు విప్పడం. ఆ పిదప మెడకు తాకించడం. ఎడమవైపు నేర్పినదానిని కుడివైపున మరల నేర్పాలి. తొందరపడితే వ్యవహారం మొదటికి వస్తుంది.

కఠోపనిషత్తు ఇంద్రియాలను గుర్రాలతోను, మనస్సును పగ్గాలతోను పోల్చింది. మన భయాలకు సైతం దండన కాదు, ఓర్పుతో కూడిన అభ్యాసమే ఔషధం.

చివరగా ఒక విన్నపం. ఊరేగింపులో అశ్వం వెనుకకు చేరకండి. దాని ఎదుట హఠాత్తుగా గొడుగు విప్పకండి. మీ నిదానం కూడా స్వామివారి సేవయే.