అంతరిక్షపు పనులు - ప్రైవేటు సంస్థలు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట రాకెట్లను గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. వీధి దీపములు, మురుగు కాల్వలు, మంచినీటి ట్యాంకులు మీ నిత్య చింతలు. అయినను నేడు మేము ఎత్తుకొన్న విషయము మీ పనికి అంత దూరమైనది కాదు. ప్రజల సొమ్ముతో జరుగవలసిన పనిని ప్రైవేటు వారికి అప్పగించునపుడు నష్టము నెవరు భరింపవలెను? పని చెడినపుడు కారణము నెట్లు వెదుకవలెను? ఈ ప్రశ్నలు మీకు ప్రతి కల్వర్టు వద్దను ఎదురగుచున్నవి. అమెరికా దేశమున రాకెట్ల విషయములోను ఇవే ప్రశ్నలు పుట్టినవి.

వెనుకటి పద్ధతి

ఆ దేశములో రాకెట్లను చిరకాలముగా ప్రైవేటు కర్మాగారములే తయారు చేయుచుండినవి. అయితే ప్రభుత్వ సంస్థయైన నాసా ప్రతి వివరమును తానే నిర్ణయించి, అయిన ఖర్చునంతయు చెల్లించి, దానిపై కొంత లాభమును కలిపి యిచ్చుచుండెను. ఖర్చు పెరిగినచో ఆ భారము ఖజానాపై పడుచుండెను. కావున ఖర్చు తగ్గింపవలెనను తొందర కంట్రాక్టరునకు లేకుండెను.

2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా అను అంతరిక్ష నౌక తిరిగి వచ్చుచు ధ్వంసమైనది. మన దేశమున కర్నాలులో జన్మించిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించిరి. ఆ జాతి నౌకలను క్రమముగా విరమింపవలెనని 2004లో అమెరికా ప్రభుత్వము నిశ్చయించినది. మరి భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు ఆహారము, పనిముట్లు చేరవేయుట ఎట్లు?

విడతల చెల్లింపు

2006లో నాసా క్రొత్త మార్గమును త్రొక్కినది. స్పేస్ ఎక్స్, రాకెట్‌ప్లేన్ కిస్లర్ అను రెండు కంపెనీలతో ఒడంబడిక చేసికొన్నది. ఏమి కావలెనో నాసా చెప్పును; ఎట్లు చేయవలెనో కంపెనీ నిర్ణయించుకొనును. మొత్తము ముందే స్థిరము. నిర్ణయించిన ఒక్కొక్క ఘట్టము పూర్తియైన పిదపనే ఒక్కొక్క విడత చెల్లింపు. కంపెనీ తన సొంత పెట్టుబడిని సైతము తేవలెను.

రెండవ కంపెనీ ఆ పెట్టుబడిని గడువులోపల సమకూర్చలేకపోయెను. 2007 అక్టోబరులో నాసా దాని ఒడంబడికను రద్దు చేసినది. ఒప్పుకొన్న 20 కోట్ల 70 లక్షల డాలర్లలో అప్పటికి చెల్లించినది సుమారు 3 కోట్ల 20 లక్షలు మాత్రమే. మిగిలిన సొమ్ము ఖజానాలో భద్రముగా నుండుటచే, 2008లో ఆర్బిటల్ సైన్సెస్ అను వేరొక కంపెనీకి అవకాశమియ్య గలిగిరి. పునాది లేవకముందే సగము బిల్లు చెల్లించిన పనుల గతి యెరిగినవారికి ఇందలి మేలు వేరుగా చెప్పనక్కరలేదు.

మూడు వైఫల్యములు, ఒక విజయము

స్పేస్ ఎక్స్ కంపెనీని 2002లో ఎలాన్ మస్క్ స్థాపించెను. దాని మొదటి రాకెట్టు పేరు ఫాల్కన్-1. పసిఫిక్ మహాసముద్రములో మార్షల్ దీవులకు చెందిన ఒమెలెక్ అను చిన్న లంకనుండి దానిని ప్రయోగించిరి.

2006 మార్చి 24న మొదటి రాకెట్టు లేచిన అర నిమిషములోనే ఇంధనము కారి, మంట పుట్టి, సముద్రములో పడినది. ఒక పనివాని పొరపాటే కారణమని కంపెనీ అధిపతి తొలుత ప్రకటించెను. పిమ్మట జరిగిన విచారణలో అసలు సంగతి బయటపడినది. లంకలోని ఉప్పుగాలికి ఒక చిన్న అల్యూమినియము నట్టు లోలోపల తినివేయబడి పగిలినది. పనివాడు నిర్దోషి. విచారణ ఆగిపోయియున్నచో అతడు నిందపాలగుటయే గాక, అట్టి నట్టే తరువాతి రాకెట్టులోను ఉండెడిది.

2007 మార్చిలో రెండవది చాలా ఎత్తుకు పోయినది గాని, పై అంచెలోని ద్రవము బిందెలోని నీరువలె తొణకి, రాకెట్టు అదుపు తప్పినది. 2008 ఆగస్టులో మూడవ దానియందు క్రింది అంచె విడిపోయిన పిదప, దాని యింజనులో మిగిలిన కొద్దిపాటి బలముచే ముందునకు వచ్చి పై అంచెను ఢీకొన్నది. యింజను ఆగుటకును అంచెలు విడిపోవుటకును నడుమ కొన్ని సెకన్ల ఎడము పెంచిన చాలునని ఇంజనీర్లు తేల్చిరి. సొమ్ము అడుగంటినది. అయినను రెండు మాసములు నిండకముందే, 2008 సెప్టెంబరు 28న, నాలుగవ రాకెట్టు భూకక్ష్యను చేరినది. ప్రైవేటు సంస్థ రూపొందించిన ద్రవ ఇంధన రాకెట్టు కక్ష్యను చేరుట అదియే ప్రథమము.

ఆ డిసెంబరులోనే 12 సరుకు ప్రయాణములకై 160 కోట్ల డాలర్ల కంట్రాక్టు ఆ కంపెనీకి లభించినది. 2012 మే మాసములో దాని నౌక అంతరిక్ష కేంద్రమును చేరినది. 2015 డిసెంబరులో కక్ష్యకు ఉపగ్రహములను పంపిన పెద్ద రాకెట్టు క్రింది అంచె తిరిగి నేలపై నిలువుగా దిగినది. ఒకసారి వాడి పారవేయు వస్తువు మరల వాడుకకు వచ్చుటచే ఖర్చు తగ్గినది.

మరువరాని సంగతులు

ఈ ఘనతయంతయు ప్రైవేటు పెట్టుబడిదేయని తలంచుట పొరపాటు. తిరిగివచ్చు నౌకను వేడిమినుండి కాపాడు కవచమునకు మూలము నాసా పరిశోధన. మొదటి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. అట్లే, ప్రైవేటు సంస్థలన్నియు ఒక్క తీరున నెగ్గునని తలంచుటయు పొరపాటే. వ్యోమగాములను చేరవేయుటకై 2014లో నాసా స్పేస్ ఎక్స్‌తోపాటు బోయింగు కంపెనీకి సైతము కంట్రాక్టు నిచ్చినది. స్పేస్ ఎక్స్ 2020లో మనుష్యులను చేరవేసినది. బోయింగు నౌక 2024 జూనులో ఇద్దరిని తీసికొనిపోయి, లోపములు కనబడుటచే సెప్టెంబరులో వారు లేకయే తిరిగి వచ్చినది. 150 కోట్ల డాలర్లకు మించిన అదనపు నష్టమును ఆ కంపెనీయే భరింపవలసి వచ్చినది. పని ఇద్దరికి పంచుటచేత రాకపోకలు నిలిచిపోలేదు.

వేగమునకు మూల్యమును కొన్నిచోట్ల పనివారు తమ ప్రాణములతో చెల్లించిరి. 2007 జూలైలో కాలిఫోర్నియాలోని మొజావేలో ఒక ప్రైవేటు రాకెట్టు యింజను భాగములను పరీక్షించుచుండగా విస్ఫోటనము జరిగి ముగ్గురు మరణించిరి. స్వేచ్ఛ యిచ్చిన ప్రభుత్వము తనిఖీని విడువరాదు.

మన దేశములో

మన తెలుగు నేలపై శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. 1979లో మన తొలి ఉపగ్రహ వాహనము విఫలమై, 1980 జూలై 18న సఫలమైనది. వైఫల్యమునుండి నేర్చుకొను గుణము ప్రభుత్వ సంస్థలోను కలదని ఇది తెలుపుచున్నది. 2020లో భారత ప్రభుత్వము ఈ రంగమును ప్రైవేటు వారికి తెరచి, అనుమతులకై ఇన్‌స్పేస్ అను సంస్థను నెలకొల్పినది. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా అను యువకులు 2018లో హైదరాబాదులో స్థాపించిన స్కైరూట్ సంస్థ, 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ అను రాకెట్టును శ్రీహరికోటనుండియే ప్రయోగించినది. అది 89.5 కిలోమీటర్ల ఎత్తు చేరినది. కక్ష్యకు పోవునది గాదు, తొలి పరీక్ష మాత్రమే. చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ తన ప్రయోగమును పలుమార్లు ఆఖరు క్షణములందు ఆపివేసి, సరిచూచుకొని, 2024 మే 30న నెరవేర్చినది. సందేహము కలిగినపుడు ఆగుట నామోషీ కాదని ఆ యువకులు చూపిరి.

తుపాను హెచ్చరికలు, పంటల అంచనాలు, ఏరులేని తావున భూగర్భజలపు జాడలు ఉపగ్రహములవలన మన గ్రామములకు అందుచున్నవి. కావున ఈ పనులు చౌకగాను, భద్రముగాను జరుగుట మనకును మేలే.

సభ్యులారా, వచ్చే సమావేశములో ఒక బిల్లు మీ ముందునకు వచ్చును. ఏ ఘట్టము పూర్తియైనదని ఈ విడత కోరుచున్నారు? దానిని చూచి, కొలిచి, ఎం-బుక్కులో వ్రాసినదెవరు? పని చెడినచో కూలివానిని నిందించుటకు పూర్వము ఆ పగిలిన నట్టును చేత బట్టి చూచితిరా? ఈ మూడు ప్రశ్నలను నిర్మొగమాటముగా అడుగవలసినదని మా మనవి. అంతరిక్షమునకు పోవు రాకెట్టునకు పనికివచ్చిన ప్రశ్నలు మీ ఊరి నీళ్ల ట్యాంకునకును పనికివచ్చును.