రెండు వనములు

భద్రాచలమునకు ఎదుటి గట్టున, కిన్నెరసాని గోదావరిలో కలియు తావునకు చేరువగా బూర్గంపాడు ఉన్నది. 1965లో గోదావరిపై వారధి వెలయుటకు పూర్వము ఈ గట్టునకు వచ్చిన యాత్రికులు పడవలపై ఆవలికి చేరి రామదర్శనము చేసికొనెడివారు. దర్శనమైన పిదప పలువురు ఎగువన సుమారు 35 కిలోమీటర్ల దూరమున నున్న పర్ణశాలకు పోవుట నాడును నేడును ఆచారమే. అక్కడ సీతారామలక్ష్మణులను, మాయలేడిని బొమ్మలుగా నిలిపియున్నారు. వాగులోని రాళ్లపై కనవచ్చు రంగుచారలను చూపి, అవి సీతమ్మ చీర లారవేసిన గుర్తులని స్థానికులు చెప్పుదురు. పంచవటి నాసికమున గలదని మహారాష్ట్రు లందురు. ఆ వివాదముతో మనకిప్పుడు పనిలేదు. మనకు కావలసినది ఆ లేడిబొమ్మ ముందు తరచుగా వినవచ్చు మాట: "ఆ తల్లి లేడిని కోరకయుండిన ఇంత కథ జరుగునా?"

ఈ మాటలో జాలి కొంత, నింద కొంత గలదు. నింద పాలే హెచ్చని మా యభిప్రాయము. ఒక తోట, అందొక ఆశ, ఆశపడిన స్త్రీ. ఈ మూటిని ముడివేసి తీర్పు చెప్పుట లోకమునకు చాలకాలముగా అలవాటైనది. ఆ తీర్పునకు మూలగ్రంథములలో ఎంతవరకు ఆధారము గలదో చూతము.

అరణ్యకాండలో వాల్మీకి ఈ ఘట్టమును ఎంత మెలకువతో నడపెనో గమనింపదగినది. మారీచుడు బంగారు లేడియై అరటితోపులలోను కొండగోగుచెట్ల నీడలను మేయుచు ఆశ్రమము చుట్టును తిరుగును. అడవిలోని తక్కిన లేళ్లు దగ్గరకు వచ్చి, వాసన చూచి, బెదరి పారిపోవును. మృగములు గుర్తించిన మాయను మనుష్యుల కన్నులు గుర్తింపలేదు. ఆ సమయమున సీత పూలు కోయుచున్నది. కొండగోగు, అశోకము, మామిడి పూచియున్నవి. ఆమె వెదకికొని పోయినది ఏమియు లేదు. ఉన్న చోటికే ఆశ వచ్చినది. ఇట్టి కోరిక స్త్రీలకు తగినది కాదని ఆమెయే పలికినట్లు వాల్మీకి వ్రాసెను. ఇది మారీచుని మాయ యని లక్ష్మణుడు హెచ్చరించెను. రాముడు విని కూడ, ఈ రూపమును చూచి ఎవని మనస్సు చలింపదని మెచ్చుకొని, వింటిని చేపట్టి పోయెను. మోహపడినవారు ఇరువురైనపుడు లోకము ఒక్కరి పేరే చెప్పుట న్యాయమా?

యూదుల, క్రైస్తవుల ఆదిగ్రంథమునందలి ఏదెను తోటయందును ఇదియే జరిగినది. స్వర్గమునకు పాశ్చాత్యులు వాడు 'పారడైజు' అను మాటయు, మన ఉర్దూ కవులకు ప్రియమైన 'ఫిర్దౌసు' అను మాటయు ప్రాచీన ఇరాను భాషలో చుట్టును గోడగల ఆవరణమునకు పేరైన ఒక్క పదమునుండియే పుట్టినవి. గోడ యున్నచోట లోపల, వెలుపల అను భేదమును, లోపలివారికి నియమమును తప్పవు. ఏదెనులో ఒక చెట్టు పండు తినరాదను ఆజ్ఞ హవ్వ పుట్టకమునుపే ఆదామునకు ఇయ్యబడినది. ఆమె తిని, తనతోనున్న భర్తకు నిచ్చెను, అతడును తినెను. విచారణ వచ్చినపుడు ఆదాము భార్యను చూపెను. భార్య సర్పమును చూపెను. ఆ పండు ఆపిలని గ్రంథములో ఎచ్చటను లేదు. లాటినులో చెడుగునకును ఆపిలునకును ఒకే రూపముగల మాట యుండుట వలనను, చిత్రకారుల కుంచె వలనను ఆ ప్రసిద్ధి కలిగినది. ఖురానులో నైతే తప్పటడుగు ఇరువురిది. క్షమాపణ వేడినవారును ఇరువురే. 1667లో వెలువడిన మిల్టను మహాకావ్యమున సర్పము చేరవచ్చు వేళకు హవ్వ ఒంటరిగా, వాలిన పూలకొమ్మలను నిలువగట్టుచున్నది. ఒకరి నొక రెరుగని రెండు దేశముల కవులు ఆశను పూలసేవలో మునిగియున్న స్త్రీకడకే పంపుట విచిత్రముగా నున్నది.

అయితే రామాయణమున రెండవ వనము కూడ కలదు. పర్ణశాలలో నిలిచిపోవు యాత్రికుడు మరచునది దీనినే. లంకలోని అశోకవనము పూలకు, పండ్లకు, కొలకులకు లోటులేని రాజోద్యానము. తెల్లవారుజామున రావణుడు దివిటీలతో, అంతఃపురస్త్రీలతో వచ్చి తన సర్వసంపదను ఆమె పాదములకడ పెట్టెదననును. సీత తనకును అతనికిని నడుమ ఒక గడ్డిపరక నుంచి బదులు చెప్పెను. ఆ పరకకు వ్యాఖ్యాతలు ఎన్నియో అర్థములు చెప్పిరి. మాకు మాత్రము ఒక చిన్న సంగతి తోచుచున్నది. అంతటి తోటలో ఆమె చేయి చాచి తీసికొనినది ఆ గడ్డిపరక ఒక్కటియే. లేడి కావలెనని అడిగిన నోరే లంక వలదనెను. మొదటి వనము కథతో ఆమెను తూచువారు రెండవ తట్టలో దీనిని వేయవలదా? పిమ్మట హనుమంతుడు ఆ వనమును ధ్వంసము చేసియు, ఆమె కూర్చున్న చోటిని మాత్రము విడిచిపెట్టెను.

మన తెలుగువారికి ఈ విషయమున అన్నిటికంటె దగ్గరి కథ విప్రనారాయణునిది. సారంగు తమ్మయ 'వైజయంతీవిలాసము'గా వ్రాసినదియు, 1954లో భానుమతి, నాగేశ్వరరావు నటింపగా చలనచిత్రమైనదియు ఇదియే. శ్రీరంగమున రంగనాథునకు పూలదండలు కట్టుటకు తోట పెంచుకొనిన బ్రహ్మచారి అతడు. దేవదేవి అను వేశ్య ఆ తోటకు వచ్చినపుడు అతడు తల యెత్తి చూడలేదు. ఆ పట్టుదలతో ఆమె నగలు తీసి, సాధువేషము దాల్చి, మొక్కలకు నీరు పోసి బ్రతికెదనని ఆశ్రయము కోరెను. ఇందలి సూక్ష్మము మాకు మిగుల నచ్చినది. ఇచట ఆశ పండుగా రాలేదు, లేడిగా రాలేదు, పరిచర్యగా వచ్చినది. నీటికుండ మోయుచు వచ్చినవారిని ఎవరు అనుమానింతురు? తరువాత అతడు తోట మరచెను, దండ మరచెను, తుదకు గుడి బంగారుగిన్నె దొంగయను నింద మోసెను. రంగనాథుడే ఆ గిన్నె నిచ్చెనని తేలిన పిదప అతడు భక్తుల పాదధూళి యను పేర ఆళ్వారులలో ఒకడాయెను. దేవదేవియు భక్తురాలాయెను. తోటను నరికివేయవలెనని గాని, స్త్రీని వెడలగొట్టవలెనని గాని ఈ కథ చెప్పలేదు. పెద్దన ప్రవరుని మనమెంత మెచ్చుకొనినను, పడి లేచిన ఈ పూలదండల బ్రాహ్మణుడే మన యిండ్లలో ఎక్కువ చనవు సంపాదించెను.

ఇక బూర్గంపాడు పరిసరారణ్యములకు మరలుదము. ఇచటి కోయలకు గోడగట్టిన తోట లేదు. అడవియే తోట. వేసవి తొలినాళ్లలో ఇప్పపూలు వేకువజామున రాలును. స్త్రీలు, పిల్లలు బుట్టలతో పోయి ఏరుదురు. ఆ పూవు ఆహారము, అమ్మకపు సరకు, సారాకు మూలము కూడ. ఒకే పూవులో ఆకలి తీర్చునదియు, మత్తు కలిగించునదియు ఇమిడియున్నవి. అయినను పూవును పాపమని వారెవరును అనరు. వారి నియమము వేరు. కొత్తగా వచ్చిన పంటను, కాయను ముందుగా దేవతకు నివేదించి, ఊరందరు కలిసి పండుగ జరుపక మునుపు తినరాదు. మామిడికిని ఈ నియమము గలదు. చెట్టు నిండ కాయ వ్రేలాడుచుండును, ఎవరును కావలి యుండరు, అయినను పండుగ దాక నోట పెట్టరు.

నిషిద్ధఫలము అనగానే మనకు ఏదెనే తలపునకు వచ్చును గాని, ఆ యూదుల ధర్మశాస్త్రములోనే కోయల ఆచారమునకు చుట్టమగు విధి యొకటి కలదు. నాటిన పండ్లచెట్టు కాపు మూడేండ్లు ముట్టరాదు. నాలుగవ యేటి కాపు దేవునిది. అయిదవ యేటినుండి యజమాని తినవచ్చును. ఇచట నిషేధమునకు ఒక గడువున్నది. ఆ గడువు దాటిన పిమ్మట నింద లేదు, శాపము లేదు, తోటనుండి తరిమివేత లేదు. కోయగూడెమునను అంతే. తొలికాయ దేవతకు పోవును. పండుగ గడచినదా, గాలికి రాలిన కాయలకై చెట్టుక్రింద పరుగులెత్తు ఆడపిల్లలను గాని, మగపిల్లలను గాని అడ్డగించువారుండరు.