కోకాపేటలో ఎకరం, కొల్లూరులో ఇల్లు

ఆదివారం పూట పిల్లల క్లాసులు, ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన పెద్దలకి, మిత్రులకి కృతజ్ఞతలు. నేను నగర ప్రణాళిక చదువుకున్నవాణ్ణి కాదు, మీలో చాలామంది లాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కానీ మన సమావేశాల్లో భోజనాల దగ్గర ఎన్నికల కన్నా ఎక్కువగా నడిచే చర్చ హైదరాబాదులో గజం ఎంత పలుకుతోందన్నదే. ఆ గజం వెనకున్న రాజకీయం గురించి ఈ రోజు మాట్లాడదామనుకున్నాను.

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్ఎండీఏ వేసిన వేలంలో ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల ఎనిమిది వేలు. తర్వాతి వేలాల్లో అదీ దాటిపోయింది. ఆ వేలానికి ఒకటిన్నర నెల ముందు, జూన్‌లో, అదే ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఇంకా పైన కొల్లూరులో, ప్రభుత్వం పేదలకు కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు ప్రారంభోత్సవం జరిగింది. రెంటినీ ప్రభుత్వం విజయాలుగానే చెప్పుకుంది. నాకైతే ఈ రెండు వార్తలూ కలిపి చదివితేనే హైదరాబాదు కథ అర్థమవుతుంది. ఉద్యోగాలున్న చోట సర్కారు భూమి ఎక్కువ పాడినవాడికి, పేదవాడి ఇల్లు ఊరి చివర.

కొల్లూరు ఇళ్ళు చెడ్డవని నేననడం లేదు. లిఫ్టులున్న పక్కా భవనాలు, లబ్ధిదారు పైసా కట్టనక్కర్లేదు. కానీ పాతబస్తీలోనో సికింద్రాబాదులోనో నాలుగిళ్ళలో పనిచేసే ఆమె ఆ పనులు వదులుకోకుండా అక్కడ కాపురం పెట్టాలంటే రోజూ ముప్పై కిలోమీటర్లు పోవాలి, మళ్ళీ రావాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమే, నిజం. దారిలో పోయే గంటలకు మాత్రం ఏ పథకమూ లేదు. తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఆయనైతే బండిని ఎక్కడ పెట్టి రావాలి?

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. హైదరాబాదులో 2006 భవన నిబంధనలతో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న హద్దు, తీసేసి రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు ఇచ్చారు. బొంబాయి పాతనగరంలో ఏళ్ళ తరబడి ఆ హద్దును 1.33 దగ్గర బిగించి ఉంచారు. మన దగ్గర బిగించలేదు కాబట్టే ఫ్లాట్లు విరివిగా వచ్చాయి, మధ్యతరగతి వాళ్ళు చాలాకాలం కొనగలిగారు. "కట్టనివ్వండి, ధరలు వాటంతటవే దిగుతాయి" అనే మిత్రులు ఈ హాల్లో కూడా ఉన్నారు. వారి మాటలో నిజముంది, కానీ సగమే. గజం రెండు లక్షలు పెట్టి కొన్నవాడు ఆరు వందల అడుగుల ఇల్లు కట్టడు, మనలాంటి వాళ్ళ కోసం మూడు వేల అడుగుల ఫ్లాటు కడతాడు. ఆ టవర్‌కి కాపలా ఉండే వాచ్‌మన్, వంటమనిషి, మనల్ని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చే క్యాబ్ డ్రైవరు చుట్టుపక్కల పాత ఊళ్ళ సందుల్లో ఒంటి గదికి అద్దె కడుతుంటారు. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో ఖాళీ ఇళ్ళు కోటీ పది లక్షల పైమాటే. వాటి తాళంచెవులు కొన్ని ఇక్కడ కూర్చున్నవాళ్ళ ఇళ్ళలోనే ఉండి ఉంటాయి!

మరి దారేమిటంటే, మనముంటున్న న్యూజెర్సీనే చూడండి. 1975లో మౌంట్ లారెల్ కేసులో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు, టౌన్‌షిప్పులు తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకు కూడా న్యాయమైన వాటా చోటివ్వాల్సిందేనంది. పెద్ద ప్రాజెక్టుకి అనుమతి తీసుకునే బిల్డరు అందులో సుమారు ఐదో వంతు ఇళ్ళు చౌకగా ఇచ్చే పద్ధతి ఆ తీర్పు తర్వాత క్రమంగా వచ్చింది. టౌన్‌షిప్ మీటింగుల్లో మనవాళ్ళే కొందరు లేచి "మా ఇళ్ళ విలువ పడిపోతుంది" అంటుంటారు. మౌంట్ లారెల్‌లో కట్టిన ఎథెల్ లారెన్స్ హోమ్స్, 140 ఇళ్ళు, వాటి చుట్టుపక్కల ఏం జరిగిందో ప్రిన్స్‌టన్ పరిశోధకులు పరిశీలించి 2013లో పుస్తకం వేశారు. ఆ ఇళ్ళ వల్ల పొరుగు ఇళ్ళ విలువ పడలేదు, నేరాలు పెరగలేదు.

హైదరాబాదులో అయితే ఇంత యుద్ధం కూడా అక్కర్లేదు, భూమి ప్రభుత్వానిదే కనుక. లెక్క వేద్దాం. 2023 నాటి ఆ వేలంలో 45 ఎకరాల చిల్లరకు 3,319 కోట్లు వచ్చాయి, సగటున ఎకరం 73 కోట్లు. ఐదెకరాలు అమ్మకుండా ఉంచితే వదులుకునేది 366 కోట్లు. అక్కడ స్థలానికి ఆరు రెట్లు కట్టి, మెట్లకీ నడవాలకీ పావు వంతు తీసేసినా, ఆరు వందల అడుగుల ఇళ్ళు పదహారు వందలు వస్తాయి. ఇంటికి భూమి పద్దు 23 లక్షలు. వీటిని పట్టా ఇచ్చి పంచకూడదని నా అభిప్రాయం. పంచితే రేపు అవీ మార్కెట్లోకి పోతాయి. అద్దెకిస్తే భూమి ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది, ఒక కుటుంబం వెళితే ఇంకో కుటుంబం వస్తుంది. సర్కారు ఇళ్ళు కట్టడం హైదరాబాదుకి కొత్త కాదు. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరం నడిమధ్యనే పేదలకు ఇళ్ళు కట్టింది.

ఇప్పుడు మన పని. 2031 వరకని వేసుకున్న మాస్టర్ ప్లాను 2013లో నోటిఫై అయింది. 2025లో హెచ్ఎండీఏ పరిధి ఇంకా పెంచారు. అంటే కొత్త ప్లాను రాక తప్పదు. ముసాయిదా బయటికి వచ్చినప్పుడు అభ్యంతరాలు తీసుకుంటారు, వాటికి గడువుంటుంది, గడువు దాటితే ఎవరూ చూడరు. మనం రెండు అడుగుదాం. ఒకటి, మెట్రో స్టేషన్ల దగ్గరా ఐటీ కారిడార్‌లోనూ అమ్మే ప్రతి సర్కారు భూమిలో కొంత వాటా అద్దె ఇళ్ళకు ఉంచాలి. రెండు, ఏ సర్కారు భూమి ఎక్కడుందో, ఎంత అమ్మారో మ్యాపుతో సహా జనానికి చూపాలి. ఈ పత్రం తయారుచేయడానికి ఆరుగురు కావాలి, అందులో మ్యాపుల పని తెలిసినవాళ్ళు ఇద్దరైనా ఉండాలి. తలుపు పక్కన బల్ల మీద కాగితం ఉంది, వెళ్ళేటప్పుడు పేరు రాసి వెళ్ళండి. ఇక మీ ప్రశ్నలు.